జార్జియా ఎర్రమట్టిలో నాటు అలసందలు: ఒక సీజను ప్రాజెక్టు డైరీ

అట్లాంటాకు ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో, ఇంటి వెనుక దొడ్డిలో, అమెరికా దక్షిణాది రాష్ట్రాల పాత అలసంద రకాలు నాలుగింటిని ఒక సీజను పాటు పెంచినప్పుడు రాసుకున్న లెక్కలివి. ఇక్కడివారు సదరన్ పీస్ అని, ఫీల్డ్ పీస్ అని పిలిచే ఈ గింజలు మన అలసందల, బొబ్బర్ల జాతివే. ఎండనూ బీద నేలనూ తట్టుకునే పైరు కాబట్టి గింజ వేసి వదిలేస్తే చాలునని చాలామంది చెబుతారు. మొక్క మటుకు నిజంగానే పెరుగుతుంది. అయితే జార్జియాలో చేతికొచ్చే గింజ ఎంత అన్నది ఎరువు మీద కంటే కాయను పొడిచి గింజను తినే ముక్కు పురుగు మీద, కాయ కోసే వేళ మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ డైరీలో ఒక పెద్ద భాగం ఆ సంగతే ఉంది.

దశ 1: రకాలు, స్థలం

నేలలో ఇరవై అడుగుల సాళ్ళు నాలుగు, సాలుకూ సాలుకూ మధ్య మూడడుగులు. వీటికి తోడు, పోల్చి చూడడానికి కొన్న మట్టితో నింపిన నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఎత్తు మడి ఒకటి. మొత్తం విస్తీర్ణం 272 చదరపు అడుగులు.

1. పింక్ ఐ పర్పుల్ హల్: గింజ కన్ను గులాబీ రంగులో ఉంటుంది. కాయ ముదిరేసరికి ఊదాకు తిరుగుతుంది కనుక ఎప్పుడు కోయాలో రంగే చెబుతుంది. పొట్లం మీద బీవీఆర్ అని ఉంటే అది మొజాయిక్ వైరస్‌ను తట్టుకునేలా తర్వాతి కాలంలో అభివృద్ధి చేసిన రకం. పాత విత్తనమే కావాలనుకునేవారు ఆ మూడక్షరాలు లేని పొట్లం చూసుకోవాలి.
2. విప్పర్‌విల్: గోధుమరంగు గింజ మీద ముదురు మచ్చలుంటాయి. అదే పేరు గల పక్షి గుడ్డును తలపిస్తుందని ఆ పేరు పెట్టారు.
3. సీ ఐలండ్ రెడ్ పీ: జార్జియా, దక్షిణ కరొలినా తీర ద్వీపాల్లో ఆఫ్రికా బానిసల వారసులైన గల్లా గీచీ సమాజం నిలబెట్టిన చిన్న ఎర్ర గింజ. కొత్త సంవత్సరం నాడు బియ్యంతో కలిపి వండే హాపిన్ జాన్‌కు తీరప్రాంతంలో ఈ గింజకే పాత పేరుంది.
4. ఐరన్ అండ్ క్లే: ఇది ఒక్క రకం కాదు, ఐరన్, క్లే అనే రెండు పాత రకాల మిశ్రమం. తిండికంటే పచ్చిరొట్టకూ పశువుల మేతకూ ఎక్కువగా వాడతారు.

ఈ పంట పుట్టిల్లు ఆఫ్రికా. బానిసలుగా పట్టి తెచ్చిన మనుషులతో పాటు ఈ గింజ కూడా అమెరికా దక్షిణాదికి చేరింది. మనవాళ్ళలో ఊరినుంచి వచ్చేవారి సూట్‌కేసులో గుప్పెడు అలసందలు తెప్పించి నాటాలనుకునేవారు చాలామంది ఉన్నారు. విత్తనంగా తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమో, కొద్ది గింజలకైతే అమెరికా వ్యవసాయ శాఖ అనుమతో ఉండాలి. అవి లేకుండా తెస్తే విమానాశ్రయంలో తీసి పారేస్తారు. ఇక్కడ మంచి విత్తనం దొరుకుతుండగా ఆ తిప్పలు అనవసరం.

ఖర్చు ఇప్పటికి: నాలుగు పొట్లాలు 18 డాలర్లు.

దశ 2: మట్టి

దొడ్డి మట్టి ఇనుప ఆక్సైడు వల్ల ఎరుపెక్కిన బంకమట్టి. ఇంటి నిర్మాణంలో పైమట్టి కొట్టుకుపోగా మిగిలిన పొర అది. అంతకుముందు శరదృతువులో జార్జియా విశ్వవిద్యాలయ ఎక్స్‌టెన్షన్ (వ్యవసాయ సలహా) కార్యాలయం ద్వారా పరీక్ష చేయిస్తే పీహెచ్ 5.4 అని, అంటే ఆమ్లం ఎక్కువని వచ్చింది. 240 చదరపు అడుగులకు 12 పౌండ్ల సున్నం చల్లి, పారతో ఆరంగుళాల లోతు వరకు కలిపి చలికాలమంతా వదిలేశాను. వసంతంలో మళ్ళీ కొలిస్తే 5.9 ఉంది. ఈ పైరుకు అది చాలు.

నేల సాళ్ళకు నత్రజని ఎరువు ఏదీ వేయలేదు. ఎత్తు మడిలో మాత్రం కంపోస్టూ కోళ్ళ ఎరువూ కలిపిన మట్టి నింపాను. ఈ రెంటి తేడా దశ 5లో కనిపిస్తుంది. పత్తి పీల్చి పిప్పి చేసిన అలబామా నేలలకు ఈ పైరును మందుగా చెప్పినవాడు టస్కీగీ విద్యాసంస్థలోని వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్. ఆయన 1903లోనే అలసందల మీద రైతుల కోసం ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. బీద నేలకు నత్రజని ఇచ్చే మొక్కకు మనం తిరిగి నత్రజని పెట్టడం ఎంత తలకిందుల పనో ఎత్తు మడి ముందు నిలబడితే తెలుస్తుంది.

ఖర్చు ఇప్పటికి: మట్టి పరీక్ష 10, సున్నం 6, మొత్తం 34 డాలర్లు.

దశ 3: విత్తడం

ఏప్రిల్ మధ్యలో, చివరి మంచు గండం దాటిందనిపించాక, పింక్ ఐ ఒక్క సాలు మాత్రం పరీక్షగా విత్తాను. ఉదయం నాలుగంగుళాల లోతున నేల ఉష్ణోగ్రత 58 డిగ్రీల ఫారెన్‌హీట్. నాలుగంగుళాలకొక గింజ చొప్పున అరవై గింజలు వేస్తే పంతొమ్మిదే మొలిచాయి. మిగిలినచోట్ల తవ్వి చూస్తే గింజ ఉబ్బి, తోలు ఊడి, వేళ్ళ మధ్య నొక్కితే ముద్దయిపోయింది. మొలిచినవి కూడా మే నెల దాకా రెండాకుల దగ్గరే ఆగిపోయాయి.

మే రెండో వారంలో అదే లోతున 68 డిగ్రీలు చూపించింది. ఆ సాలును పూర్తిగా తిరగదీసి, మిగిలిన మూడింటితో పాటు కొత్తగా విత్తితే అరవైకి యాభై రెండు మొలిచాయి. విత్తనం రెండుసార్లూ ఒకే పొట్లంలోది, కాబట్టి తేడా అంతా వేడిదే. గాలి ఎంత వెచ్చగా ఉన్నా, నేల 65 దాటే వరకు ఆగడం మంచిది. వంటగదిలో వాడే పుల్ల థర్మామీటరు ఈ పనికి సరిపోతుంది.

విత్తిన పద్ధతి:

1. సాలు ముందు రోజు తడిపాను. విత్తాక మొలక వచ్చేదాకా నీళ్ళు పోయలేదు. బంకమట్టి మీద నీళ్ళు పోస్తే పైన పెచ్చు కట్టి మొలక మెడ విరుగుతుంది.
2. గింజను అంగుళం లోతున వేశాను.
3. విప్పర్‌విల్ సాలులో సగానికి రైజోబియం పొడి (వేరు బుడిపెల్లో చేరి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవులు) పట్టించాను, సగానికి పట్టించలేదు. పింక్ ఐ విత్తిన ఎత్తు మడిలోనూ అలాగే సగం సగం చేశాను. బఠానీలకూ చిక్కుళ్ళకూ అమ్మే పొడి ఈ పైరుకు పనికిరాదు. అలసంద, వేరుశనగ అని రాసి ఉన్నదే కొనాలి.
4. మొక్క నాలుగాకులు తొడిగాక సాళ్ళ మధ్య ఒకసారి కలుపు తీశాను. ఆ తర్వాత తీగలే నేలను కప్పేశాయి.

రైజోబియం ఫలితాన్ని ఇక్కడే చెబుతాను. పూత సమయంలో మొక్కలు తవ్వి చూస్తే, పొడి పట్టించిన వాటిలో వేరు బుడిపెలు మొదలు దగ్గర గుత్తులుగా ఉన్నాయి, పట్టించని వాటిలో వేళ్ళ పొడవునా చెదురుమదురుగా ఉన్నాయి. రెంటినీ గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగే, అంటే రెండూ పనిచేస్తున్నాయి. కాపులోనూ తేడా తేలలేదు. ఈ నేలలో ఆ సూక్ష్మజీవులు ముందే ఉన్నాయన్నమాట. కొన్న మట్టి నింపిన మడిలో మాత్రం పొడి లేని మొక్కలకు బుడిపెలు దాదాపు లేవు. ఎర్రమట్టిలో విత్తేవారు ఆ పొడికయ్యే ఎనిమిది డాలర్లు మిగుల్చుకోవచ్చు.

ఖర్చు ఇప్పటికి: 42 డాలర్లు.

దశ 4: జింకలు, పేనుబంక, నులిపురుగు

జూన్‌లో తీగల చివర్లు కోసినట్టుగా మాయమయ్యాయి. మొదట పోయినవి ఐరన్ అండ్ క్లే చిగుళ్ళు. ఆశ్చర్యపోవలసింది లేదు, వేటగాళ్ళు జింకలను రప్పించడానికి పొలాల్లో చల్లే రకం అదే. ఏడడుగుల ప్లాస్టిక్ వల, ఇనుప గుంజలు, కింద కుందేళ్ళు దూరకుండా రెండడుగుల కోళ్ళ జాలీ, అన్నీ కలిపి 62 డాలర్లయ్యాయి. ఈ ప్రాజెక్టు మొత్తంలో పెద్ద ఖర్చు ఇదే, తప్పనిదీ ఇదే. వల వేశాక తీగలు పక్క కొమ్మలు తొడిగి కోలుకున్నాయి.

పేనుబంక నల్లగా చిగుళ్ళకు పట్టింది. గొట్టంతో బలంగా నీళ్ళు కొట్టడం, అక్షింతల పురుగుల కోసం ఆగడం తప్ప మరేమీ చేయలేదు. అది సరిపోయింది.

వేళ్ళలో చేరే సూక్ష్మమైన నులిపురుగు (నెమటోడ్) సంగతి వేరు. జూలైలో పింక్ ఐ సాలు పడమటి చివర మొక్కలు పసుపెక్కి, నీళ్ళున్నా మధ్యాహ్నానికి వాలిపోసాగాయి. తవ్వితే వేళ్ళు ఉబ్బి కణుతులు కట్టి ఉన్నాయి. మేలు చేసే బుడిపె వేరు పక్కన అతుక్కుని ఉంటుంది, బొటనవేలితో తోస్తే రాలిపోతుంది. నులిపురుగు కణితి వేరులోనే ఉబ్బిన భాగం, తోస్తే ఊడదు, వేరే తెగుతుంది. పొరుగున ఉన్న ఐరన్ అండ్ క్లే వేళ్ళు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఐరన్ రకం నులిపురుగును తట్టుకుంటుందన్న సంగతి 1902 నాటికే అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురణల్లో ఉంది. అందువల్ల వచ్చే ఏడాది ఆ చివర టమాటా గానీ బెండ గానీ వేయకుండా, ఆ ఆరడుగులూ ఐరన్ అండ్ క్లేకే కేటాయించాను.

ఖర్చు ఇప్పటికి: 104 డాలర్లు.

దశ 5: ఆకు ఎక్కువ, కాయ తక్కువ

జూలై మొదట్లో నేల సాలులోని పింక్ ఐ రెండడుగుల ఎత్తున పూతకొచ్చింది. ఎత్తు మడిలోని అదే రకం నడుము దాకా పెరిగి, అరచేయంత ఆకులు తొడిగి, రెండు వారాలు ఆలస్యంగా పూసింది. సీజను చివరికి మడి ఇచ్చిన పచ్చి గింజ 0.6 పౌండ్లే. నేల సాలుకు వేయని నత్రజని మడి మట్టిలో ఎక్కువగా ఉండడమే దీనికి కారణమై ఉంటుంది. మడిలో చేసిన మార్పు ఒక్కటే, లేత చివర్లను వారం వారం తుంచి పప్పులో వేసుకోవడం. ఆఫ్రికాలో చాలాచోట్ల ఈ ఆకు ఇంటి కూరే. కందిపప్పులో పాలకూర కంటే గట్టిగా నిలుస్తుంది, పసరు వాసన ఉండదు. కాయ పెరగలేదు గాని మడి వృథా పోలేదు.

ఐరన్ అండ్ క్లే పూయకపోవడానికి ఎరువు కారణం కాదు. అది నేల సాలులోనే ఉంది, ఎనిమిదడుగులు పాకింది, అయినా జూలై అంతా ఒక్క మొగ్గ లేదు. ఈ రకం పగటి పొడవును బట్టి పూస్తుంది. జూన్‌లో ఇక్కడ పగలు పద్నాలుగు గంటలు దాటుతుంది. ఆగస్టు చివరికి పదమూడు గంటల దగ్గరికి దిగాక గాని దీనికి పూత రాలేదు. గుంటూరులో ఏడాదిలోకెల్లా పెద్ద పగలే పదమూడు గంటలకు కాస్త పైన ఉంటుంది. అందుకే మన ప్రాంతంలో అలసంద పెంచినవారికి పగలు ఎక్కువై పూత ఆగడమన్నది వింతగా తోస్తుంది. ఉత్తర రాష్ట్రాల్లో, ఉదాహరణకు న్యూజెర్సీలో, మంచు ముందే పడుతుంది కాబట్టి అక్కడి మనవాళ్ళు ఈ రకం జోలికి పోకుండా పింక్ ఐ వంటి త్వరగా కాసేవి వేసుకోవాలి.

దశ 6: ముక్కు పురుగు

జార్జియాలో ఈ పంటకు అసలు శత్రువు కౌపీ కర్క్యులియో. పావు అంగుళం పొడవు, నల్లగా, కంచు మెరుపుతో, గూని వీపుతో ఉంటుంది. ముక్కుతో కాయ తోలు పొడిచి, లోపలి గింజలో గుడ్డు పెట్టి, ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. పైకి కనబడేది ఆవగింజలో సగమంత గోధుమరంగు చుక్క, చుట్టూ చిన్న పులిపిరిలా లేచిన తోలు. తొలి కోతలో అలాంటి కాయ ఒకటి వెలుతురుకు పట్టి చూస్తే ఒక గింజ నీడ మిగిలిన వాటికంటే పలుచగా ఉంది. ఒలిస్తే ఆ గింజ పైతోలు చెక్కుచెదరలేదు, నొక్కగానే కూలింది. లోపల కాళ్ళు లేని పాలిపోయిన పురుగు, గోధుమరంగు తల, దాని చుట్టూ తడి పొట్టు. పెరిగాక అది కాయకు బెజ్జం చేసుకుని నేలమీద పడి, మట్టిలో ప్యూపా అవుతుంది. కాయ చెట్టు మీద ఎంత ఎక్కువ కాలం ఉంటే మన నేలలో అంత ఎక్కువ సంతతి చేరుతుంది.

ప్రతి కోతలో యాభై కాయలు తీసి చుక్కలున్నవి లెక్కపెట్టాను. మొదటి కోతలో 6. ఆపై వారం 17. మూడో కోతలో 24, అంటే దాదాపు సగం. ఆకుల మీద వేపనూనె కొట్టి చూశాను, లెక్క తగ్గలేదు. గింజ లోపల కూర్చున్న పురుగును పైమందు తాకదు కదా. పెద్ద రైతులు వాడే పైరిథ్రాయిడ్ మందులకు కూడా జార్జియాలో ఈ పురుగు సరిగా లొంగడం లేదని విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్తించారు. తినే పైరు మీద ఇంటి దొడ్డిలో ఆ దారి పట్టదలచుకోలేదు.

మూడో కోత తర్వాత మార్చినవి:

1. ఉదయం ఎండ ముదరకముందే సాలు కింద పాత తెల్ల దుప్పటి పరచి తీగలను కుదిపాను. అలికిడికి ఈ పురుగు కాళ్ళు ముడిచి చచ్చినట్టు రాలుతుంది. మట్టి గడ్డకూ దానికీ తేడా తెల్ల గుడ్డ మీదే తెలుస్తుంది. రాలినవాటిని సబ్బునీళ్ళలో వేశాను.
2. వారానికొక కోతను రోజు విడిచి రోజుకు మార్చాను. కాయ సగం ఊదాకు తిరగగానే కోశాను, పూర్తిగా ముదిరేదాకా ఆగలేదు.
3. చుక్కల కాయలను కంపోస్టులో వేయలేదు. నల్ల ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి కాంక్రీటు మీద ఎండలో పెట్టాను.
4. కోసిన కాయలను ఒలిచేదాకా అంచులున్న పళ్ళెంలో ఉంచాను. రాత్రి బయటికొచ్చిన పురుగులు తెల్లారేసరికి పళ్ళెంలో ఉంటాయి, నేలకు చేరవు.
5. కింద రాలిన కాయను ఒక్కటి కూడా వదల్లేదు.

తర్వాతి లెక్కలు: 50కి 15, ఆ తర్వాత 11. సున్నా ఎప్పుడూ కాలేదు, అవుతుందని ఆశించనూ లేదు. వీటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను గాని, ఒక్కటే చేయగలిగే తీరిక ఉన్నవారు రెండోది చేయాలన్నది నా అభిప్రాయం. దుప్పటిలో రాలిన పురుగుల సంఖ్య చివరిదాకా పెద్దగా తగ్గలేదు, త్వరగా కోసిన కాయల్లో మాత్రం చుక్కలు తగ్గాయి.

కందిరీగలను చూసి భయపడి మందు కొట్టవద్దు. పూకాడ మీద, కాయలు పుట్టేచోట, తేనె ఊరే చిన్న గ్రంథులుంటాయి. చీమలూ కందిరీగలూ వాటికోసం వస్తాయి. కోసేటప్పుడు పొడవు చేతుల చొక్కా వేసుకుంటే సరిపోతుంది.

దశ 7: కోత, ఒలుపు

పింక్ ఐ నేల సాలు మొత్తం మీద 11.5 పౌండ్ల కాయలిచ్చింది. ఒలిస్తే 5.2 పౌండ్ల గింజ, అంటే వందకు 45 పాళ్ళు. అందులో పుచ్చువి 1.1 పౌండ్లు తీసేస్తే మిగిలింది 4.1. పుచ్చు గింజ నీళ్ళలో తేలుతుందన్నది సగమే నిజం. పురుగు చిన్నదై ఉంటే గింజ మునుగుతుంది. అందువల్ల తేలినవి తీశాక చేత్తో కూడా ఏరాలి. ఒక పౌండు పచ్చి గింజ ఒలవడానికి ఒక మనిషికి దాదాపు నలభై నిమిషాలు పట్టింది. కోసిన రోజే కాకుండా మరునాడు ఒలిస్తే తోలు కాస్త వాడి సులువుగా విచ్చుకుంటుంది. గోళ్ళ కింద ఊదా రంగు రెండు రోజులు పోదు.

పచ్చి గింజను మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి, మంచునీళ్ళలో చల్లార్చి, తడి ఆర్చి ఫ్రీజరులో పెట్టాను. సంచులకు 9 డాలర్లు.

ఎండు గింజకు వదిలిన సాళ్ళలో అక్టోబరు వాన పెద్ద నష్టం చేసింది. తడిసిన విప్పర్‌విల్ కాయల్లో గింజలు కాయలోనే మొలకెత్తాయి. ఆ తర్వాత వాన సూచన కనబడితే, కాయ రంగు తిరిగి తోలు మెత్తబడ్డ వాటినన్నిటినీ కోసి గరాజులో ఫ్యాను కింద పలచగా పరిచాను. సీ ఐలండ్ రెడ్ ఆ విధంగానే దక్కింది.

మొత్తం దిగుబడి (పౌండ్లలో):

పచ్చి గింజ: పింక్ ఐ సాలు 4.1, ఎత్తు మడి 0.6, విప్పర్‌విల్ 2.2. కలిపి 6.9.
ఎండు గింజ: విప్పర్‌విల్ 1.3, సీ ఐలండ్ రెడ్ 1.4, ఐరన్ అండ్ క్లే 0.8. కలిపి 3.5.
మొత్తం ఖర్చు: 113 డాలర్లు. వలా గుంజలూ వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయి.

రుచి సంగతికొస్తే, వడలకు సీ ఐలండ్ రెడ్ పిండి గట్టిగా నిలిచి బాగా వేగింది, పచ్చి పింక్ ఐ వంకాయతో కూరకు బాగుంది. ఐరన్ అండ్ క్లే కుక్కరులో మామూలు అలసందల కంటే ఎక్కువసేపు అడిగింది, గుగ్గిళ్ళకు తప్ప పనికిరాలేదు.

దశ 8: విత్తనం దాచడం

ఊళ్ళలో అలసందల్ని బూడిదలో కలిపి కుండకెత్తేవారు. నిల్వలో పట్టే పుచ్చు పురుగు గుడ్డు గింజతో పాటే వస్తుంది కాబట్టి, ఫ్రీజరు ఉన్నచోట ఈ వరుస సులువు:

1. గింజను సుత్తితో కొట్టి చూడాలి. పగిలి ముక్కలైతే ఆరినట్టు. నలిగి చదునైతే ఇంకా తేమ ఉంది, అలాంటి గింజ ఫ్రీజరులో చస్తుంది.
2. ఆరిన గింజను బిగుతు మూత గాజు సీసాలో పోసి సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఒక వారం ఉంచాలి.
3. బయటికి తీశాక సీసా పూర్తిగా గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు. ముందే తీస్తే గాలిలోని తేమ చల్లని గింజ మీద నీరై పట్టి, అంతవరకు ఆరబెట్టిన శ్రమ పోతుంది.

అలసంద పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, ఎక్కువగా తనలో తానే ఫలదీకరణ చెందుతుంది. అయినా తుమ్మెదలు పొద్దున్నే పువ్వులను బలంగా తెరిచి దూరడం ఇక్కడ రోజూ కనిపించింది. నా సాళ్ళ మధ్య దూరం మూడడుగులే, పింక్ ఐ, విప్పర్‌విల్, సీ ఐలండ్ మూడూ ఒకేసారి పూశాయి. విత్తనం కలవకుండా ఉండాలంటే రకానికీ రకానికీ మధ్య ఇరవై అడుగులైనా ఉండాలి. అందువల్ల ఆ మూడింటి గింజలు తిండికే పోయాయి. వచ్చే ఏడాది విత్తనానికి విప్పర్‌విల్ ఒక్కటే దొడ్డి తూర్పు చివర వేస్తాను, పింక్ ఐ మళ్ళీ కొంటాను.

ఐరన్ అండ్ క్లే మాత్రం మిగిలినవాటి పూత అయిపోయాక ఒంటరిగా పూసింది కనుక, నాలుగింటిలో నమ్మకంగా దాచదగిన విత్తనం దానిదే. అది మిశ్రమం కాబట్టి బాగా కాసిన ఒకటి రెండు మొక్కల నుంచి కాకుండా సాలు పొడవునా ప్రతి మొక్క నుంచి రెండేసి కాయలు తీసుకుని, రెండు రంగుల గింజలూ ఉన్నాయని చూసుకుని సీసాకు ఎత్తాను.